అమెరికా కౌంటీ జైలు రికార్డు: పేరు ఎక్కడ వెతకాలి, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలి

2019 జనవరి చివర్లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరు తెలుగు రాష్ట్రాల్లో మారుమోగింది. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే వల పన్ని నడిపిన నకిలీ యూనివర్సిటీ అది. అందులో చేరినవారిలో మొదటి విడతగా 130 మందిని అరెస్టు చేస్తే వారిలో 129 మంది భారతీయులు. తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు. భారత రాయబార కార్యాలయం 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టాల్సి వచ్చింది. ఇక్కడున్న తల్లిదండ్రులకు ముందుగా కావలసింది లాయరు కాదు, డబ్బూ కాదు. పిల్లాడు ఏ జైల్లో ఉన్నాడో తెలియాలి.

అంత పెద్ద కేసు కాకపోయినా ఇలాంటి పరిస్థితి తరచూ వస్తూనే ఉంటుంది. తాగి బండి నడిపాడనో, షాపులో వస్తువు తీశారనో, ఇంట్లో గొడవకు పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేశారనో ఒక అరెస్టు జరుగుతుంది, ఫోన్ స్విచాఫ్ అవుతుంది, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఆచూకీ చాలావరకు ఇంటర్నెట్‌లోనే, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. కాకపోతే ఏ వెబ్‌సైట్‌లో చూడాలో తెలియకపోతే తెల్లవార్లూ వెతికినా పేరు కనపడదు. పేరు కనపడ్డాక ఆ రికార్డు చెప్పనిదాన్ని కూడా చెప్పినట్టు అనుకుంటే జరిగే నష్టం ఇంకా పెద్దది. జైలు బుకింగ్ రికార్డు, అంటే జైల్లో చేర్చుకునేటప్పుడు రాసుకునే వివరాలు, కచ్చితంగా చెప్పేది, ఈ మనిషి ఇప్పుడు ఎవరి కస్టడీలో ఉన్నాడు, ఏ ఆరోపణ మీద ఉన్నాడు అన్నంతవరకే. నేరం చేశాడా, కేసు నిలిచిందా, కొట్టేశారా అన్నది అందులో ఉండదు.

మన దగ్గర అరెస్టు అనగానే ఒక వరస గుర్తొస్తుంది. స్టేషన్, ఎఫ్‌ఐఆర్, 24 గంటల్లో మేజిస్ట్రేటు, రిమాండ్. పోలీసులైనా జైళ్లయినా రాష్ట్ర ప్రభుత్వం కిందివే. అమెరికాలో పట్టుకునేది ఎక్కువగా సిటీ పోలీసులు, ఉంచేది కౌంటీ జైలు. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. దేశంలో 3,100కు పైగా కౌంటీలున్నాయి. చాలాచోట్ల జైలును నడిపేది షెరీఫ్, అంటే జనం ఓట్లేసి ఎన్నుకునే అధికారి. ఒక షెరీఫ్ దగ్గరున్న ఖైదీ పేరు పక్క కౌంటీ జాబితాలో కనపడదు. మామూలు జనం వెతుక్కోవడానికి దేశం మొత్తానికి కలిపి ప్రభుత్వ జాబితా ఒక్కటంటూ లేదు. పైగా కౌంటీ జైల్లో ఉండేది విచారణ కోసం ఎదురుచూసేవాళ్లు, ఏడాదిలోపు శిక్ష పడ్డవాళ్లు. పెద్ద శిక్షలు పడ్డవాళ్లు రాష్ట్ర ప్రిజన్లకు పోతారు, వాటి జాబితా వేరు. నిన్న రాత్రి అరెస్టయిన మనిషి కోసం రాష్ట్ర ప్రిజన్ వెబ్‌సైట్‌లో వెతకడం చాలామంది చేసే పొరపాటు. అలాస్కా, హవాయి, కనెక్టికట్, డెలావేర్, రోడ్ ఐలండ్, వెర్మాంట్ మాత్రం మినహాయింపు. అక్కడ ఈ రెండు రకాలనూ దాదాపుగా రాష్ట్రమే నడుపుతుంది కాబట్టి రాష్ట్ర జాబితాలోనే చూడాలి.

డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన ఫ్రిస్కోనే తీసుకుంటే ఈ కౌంటీ లెక్క ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఊరు ఒకటే, పోలీసు శాఖా ఒకటే. కానీ ఊళ్లో కొంత భాగం కాలిన్ కౌంటీలో, మిగతాది డెంటన్ కౌంటీలో ఉంది. ఒక రోడ్డు మీద అరెస్టయితే మనిషి మెకిన్నీలోని జైలుకు, ఇంకో రోడ్డు మీద అరెస్టయితే డెంటన్‌లోని జైలుకు పోవచ్చు. కాలిన్ కౌంటీ జాబితాలో పేరు లేదని ఊపిరి పీల్చుకుంటే లాభం లేదు, డెంటన్‌లోనూ చూడాలి. అదే అర్వింగ్‌లో జరిగితే డాలస్ కౌంటీ. కాబట్టి మనిషి ఎక్కడ ఉంటాడన్నది కాదు, పోలీసులు ఎక్కడ ఆపారన్నది ముందు తెలుసుకోవాలి. ప్లేనోలో ఉండే కుర్రాడు ఆస్టిన్ వెళ్లి వస్తూ హైవే మీద పట్టుబడితే ప్లేనో ఉన్న కౌంటీ జాబితాలో అతని పేరు ఎప్పటికీ రాదు. రూమ్మేటు చెప్పే మాటో, ఫోన్ చివరిసారి చూపించిన లొకేషనో ఇక్కడ బాగా పనికొస్తుంది.

కౌంటీ పేరు తెలిశాక దానికి ఇన్‌మేట్ సెర్చ్ అనో జైల్ రోస్టర్ అనో చేర్చి వెతికితే షెరీఫ్ ఆఫీసు పేజీ వస్తుంది. దానికంటే ముందు ప్రైవేటు సైట్లు నాలుగైదు వస్తాయి. అరెస్టు రికార్డు దొరికిందని ఊరించి, చూపించడానికి క్రెడిట్ కార్డు నంబరు అడుగుతాయి. కౌంటీ జైలు జాబితా చూడటానికి డబ్బు కట్టనక్కర్లేదు. డబ్బడిగిన పేజీ నుంచి బయటికి వచ్చేయడమే మేలు. జాబితా ఆన్‌లైన్‌లో పెట్టని చిన్న కౌంటీలూ ఉన్నాయి, అక్కడ జైలుకు నేరుగా ఫోన్ చేసి పేరు, పుట్టిన తేదీ చెబితే సరిపోతుంది.

అరెస్టయిన మరుక్షణం పేరు జాబితాలోకి ఎక్కదు. ముందు సిటీ పోలీసు లాకప్‌లో కొన్ని గంటలు ఉంచవచ్చు. జైలుకు తెచ్చాక ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. పర్సు, ఫోను, ఉంగరం రాసుకుని సంచిలో పెడతారు. ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడుగుతారు. అప్పుడు బుకింగ్ నంబర్ పడుతుంది. శనివారం రాత్రి రద్దీలో పెద్ద జైళ్లలో ఇదంతా చాలా గంటలు పట్టడం మామూలే. అందుకే మొదటి పూట పేరు లేకపోతే మూడు నాలుగు గంటలాగి మళ్లీ చూడాలి. అసలు జైలు దాకా పోని అరెస్టులూ ఉన్నాయి. న్యూజెర్సీలో చిన్న కేసుల్లో పోలీసులు స్టేషన్‌లోనే వేలిముద్రలు తీసుకుని సమన్లు చేతికిచ్చి పంపేస్తారు. ఎడిసన్‌లో అలా జరిగితే మిడిల్‌సెక్స్ కౌంటీ జైలు జాబితాలో ఏమీ కనపడదు, కేసు మాత్రం ఉంటుంది.

పేరు దగ్గరే చాలామంది ఆగిపోతారు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, మిగిలిన రెండు మూడు మాటలు గివెన్ నేమ్ గడిలో ఉంటాయి. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసిన పాత పాస్‌పోర్టులు కూడా తక్కువేం కాదు. అలాంటివాళ్లకు అమెరికా వీసా మీద మొత్తం పేరు సర్‌నేమ్ అయిపోయి, మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అనే మూడక్షరాలు పడతాయి. అదే డ్రైవింగ్ లైసెన్సుకు, అక్కడినుంచి జైలు కంప్యూటర్‌కు ఎక్కుతుంది. ఇంట్లో పిలిచే పేరు కొడితే ఏమీ రాదు. ముందు ఇంటిపేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టి మిగతావి ఖాళీగా వదిలేయాలి. రాకపోతే పేర్లను తిరగేసి కొట్టాలి. చౌదరి లాంటి పేరుకు ఇంగ్లిష్‌లో నాలుగైదు స్పెల్లింగులున్నాయి, అన్నీ చూడాలి. దొరికిన ఎంట్రీ మనవాడిదేనా అన్నది పుట్టిన తేదీతోనో వయసుతోనో సరిచూసుకోవాలి. ఒకే పేరుతో పదిమంది రెడ్లు, పదిమంది రావులు ఉండే చోట పేరొక్కటే చూసి స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఎవరి జీవితంతోనో ఆడుకోవడమే.

ఇక దొరికిన ఎంట్రీని చదవాలి. మామూలుగా అందులో పేరు, వయసు, బుకింగ్ నంబర్, తేదీ, సమయం, అరెస్టు చేసిన ఏజెన్సీ, ఆరోపణలు, ఒక్కో ఆరోపణకు బాండ్ (విడుదల కోసం కట్టే పూచీ డబ్బు) మొత్తం ఉంటాయి. మొదటి లైనులో తాగి నడిపిన కేసు, బాండ్ 1,500 డాలర్లు అని ఉందనుకుందాం. దాని కింద రెండో లైనులో హోల్డ్ అని, బాండ్ గడిలో సున్నా అని ఉంది. తొందరలో ఉన్న స్నేహితులు మొదటి లైను చూసి డబ్బు పోగేస్తారు. అసలు చూడాల్సింది ఆ రెండో లైనే. ఇంకో కౌంటీలోనో, ఇమిగ్రేషన్ శాఖలోనో ఇతని మీద పని ఉందని దాని అర్థం. జైల్లో తీసిన వేలిముద్రలు ఎఫ్‌బీఐ ద్వారా హోంల్యాండ్ సెక్యూరిటీకి కూడా చేరతాయి. వీసా స్టేటస్‌లో తేడా ఉందనిపిస్తే ఇమిగ్రేషన్ అధికారులు, జనం ఐస్ అని పిలిచేవాళ్లు, డిటెయినర్ పంపుతారు. విడుదల కావాల్సిన మనిషిని మరో 48 గంటల వరకు ఉంచమని అందులో అడుగుతారు. అలాంటప్పుడు 1,500 కడితే మనిషి ఇంటికి రాకుండా ఐస్ చేతికి పోయే ప్రమాదం ఉంది. హోల్డ్ అన్న మాట కనపడితే బాండ్ కట్టేముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడి తీరాలి.

బాండ్ మొత్తం జైల్లో నేరుగా కడితే, వాయిదాలన్నిటికీ హాజరయ్యాక చిన్నాచితకా కోతలు పోను తిరిగొస్తుంది. బెయిల్ బాండ్ ఏజెంటుకు మామూలుగా పది శాతం ఫీజు కట్టి విడిపిస్తే ఆ ఫీజు తిరిగిరాదు. ఇల్లినాయిలో 2023 సెప్టెంబరు నుంచి నగదు బెయిలే లేదు. న్యూజెర్సీలోనూ 2017 నుంచి దాదాపు పోయింది. ఈ రాష్ట్రాల్లో అరెస్టయినవాడి కోసం ఎవరైనా బాండ్ డబ్బు పంపమంటే అనుమానించాల్సిందే. జాబితా ఎవరైనా చూడొచ్చు కాబట్టి మోసగాళ్లూ చూస్తారు. కొత్తగా ఎక్కిన పేరు, కేసు వివరాలు చదివి ఆఫీసర్‌మనో ఏజెంటుమనో ఇంటివాళ్లకు ఫోన్ చేస్తారు. వివరాలన్నీ కరెక్టుగా చెప్పడంతో ఇంటివాళ్లు నమ్మేస్తారు. గిఫ్ట్ కార్డుల ద్వారా బాండ్ కట్టమని ఏ జైలూ అడగదు. జాబితాలో ఉన్న జైలు నంబరుకు మనమే ఫోన్ చేసి అడిగితే నిజం తేలిపోతుంది. అసలు అరెస్టే జరగకపోయినా జరిగిందని బెదిరించే ఫోన్లకూ ఇదే విరుగుడు.

ఇమిగ్రేషన్ కస్టడీ సంగతి వేరు. ఐస్ తన ఖైదీలను చాలాసార్లు కౌంటీ జైళ్లలోనే డబ్బు కట్టి ఉంచుతుంది. మనిషి అదే భవనంలో ఉన్నా కౌంటీ జాబితాలో పేరు ఉండకపోవచ్చు. ఐస్ ఖైదీల వివరాలను రాష్ట్ర, స్థానిక సంస్థలు బయటపెట్టకూడదని 2002 నుంచి ఒక ఫెడరల్ నిబంధన ఉంది. వాళ్ల కోసం ఐస్ వారి ఆన్‌లైన్ డిటెయినీ లొకేటర్‌లో చూడాలి. ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ శాఖ విదేశీయులకు ఇచ్చే నంబరు), పుట్టిన దేశం ఇస్తే సులువుగా దొరుకుతుంది. ఓపీటీ మీద, అంటే చదువుకు అనుబంధంగా విద్యార్థులకిచ్చే పని అనుమతి మీద, పనిచేసేవాళ్లకు వర్క్ పర్మిట్ కార్డు మీద యూఎస్‌సీఐఎస్ నంబర్ అని ఉండేది అదే. ఆ కార్డు ఫొటో ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచడం ప్రతి విద్యార్థీ చేయదగ్గ పని. నంబరు లేకపోతే పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి, సగం పేరుకు ఫలితం రాదు. ఒక జైలు నుంచి మరో జైలుకు, మరో రాష్ట్రానికి కూడా తరలిస్తుంటారు కాబట్టి రోజూ చూస్తుండాలి. ఫెడరల్ నేరాల్లో శిక్ష పడినవాళ్లకు మరో జాబితా ఉంది, అందులో 1982 నుంచి ఉన్న ఖైదీల పేర్లు దొరుకుతాయి.

అరెస్టు గురించి భారత కాన్సులేట్‌కు దానంతటదే కబురు వెళ్తుందని చాలామంది అనుకుంటారు. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, కాన్సులేట్‌కు చెప్పమంటారా అని ఖైదీని అడగాలి. కొన్ని దేశాల విషయంలో అడగకుండానే చెప్పి తీరాలని అమెరికా ఒప్పుకుంది. ఆ దేశాల్లో భారత్ లేదు. ఖైదీ సిగ్గుపడి వద్దంటే కాన్సులేట్‌కు తెలియదు. ఇంటివాళ్లే ఆ ప్రాంతాన్ని చూసే కాన్సులేట్‌కు బుకింగ్ నంబర్‌తో సహా రాయడం మంచిది. జైలు నుంచి ఫోన్ వస్తే కేసు సంగతి మాట్లాడకూడదు. ఆ కాల్స్ రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడినంత మాత్రాన రక్షణ ఏమీ లేదు, అనువదించేవాళ్లు దొరుకుతారు.

ఇన్ని వివరాలు అందరికీ కనపడేలా పెట్టడం మొదటిసారి చూసినవాళ్లకు దారుణమనిపిస్తుంది. దీని వెనక గట్టి కారణమే ఉంది. పోలీసులు మనిషిని పట్టుకుపోయి ఎక్కడ పెట్టారో చెప్పకపోతే అంతకన్నా భయంకరమైన అధికారం ఉండదు. కాలిఫోర్నియా చట్టం అరెస్టయినవారి పేరు, వృత్తి, అరెస్టు సమయం, ఆరోపణలు, బెయిల్ మొత్తం బయటపెట్టమంటుంది. 1996 డిసెంబరులో డి.కె. బసు తీర్పులో మన సుప్రీంకోర్టు అరెస్టు సమాచారం 12 గంటల్లో కంట్రోల్ రూమ్‌కు చేరాలని, నోటీసు బోర్డులో పెట్టాలని ఆదేశించిందీ ఇందుకే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ కూడా అరెస్టయినవారి పేర్లు, నేర స్వభావం ప్రతి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో అందరికీ కనపడేలా పెట్టాలంటోంది. బాధితులకూ ఈ సమాచారం ప్రాణావసరం. 1993 డిసెంబరులో కెంటకీ రాష్ట్రంలో మేరీ బైరన్ అనే యువతిని, ఆమెపై దాడి కేసులో జైలుకెళ్లిన మాజీ ప్రియుడు బయటికొచ్చి 21వ పుట్టినరోజు నాడే చంపేశాడు. అతను విడుదలైన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఏడాదే ఖైదీ విడుదల కాగానే బాధితులకు ఫోన్ చేసే వైన్ అనే వ్యవస్థ పుట్టింది. ఇప్పుడది చాలా రాష్ట్రాల్లో ఉంది. కౌంటీ ఏదో తెలియనప్పుడు వెతకడానికీ పనికొస్తుంది.

చిక్కంతా మనిషి జైలు నుంచి బయటికొచ్చాక మొదలవుతుంది. చాలా కౌంటీల్లో విడుదలైన కొన్నాళ్లకు పేరు జాబితా నుంచి పోతుంది. ఈలోపే ప్రైవేటు సైట్లు ఫొటోతో సహా ఎత్తుకుపోయి ఉంటాయి. కేసు కొట్టేసినా గూగుల్‌లో పేరు కొడితే ఆ ఫొటోనే వస్తుంది. తీసేయడానికి వందల డాలర్లు వసూలు చేసిన సైట్లున్నాయి. అలాంటి ఒక ప్రముఖ సైటు యజమానులపై 2018లో కాలిఫోర్నియా ప్రభుత్వం బలవంతపు వసూళ్ల కేసు పెట్టింది. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు తప్పనిసరైతే తప్ప బుకింగ్ ఫొటోలు విడుదల చేయడం మానేశారు. 2021లో యూటా రాష్ట్రం నేరం రుజువయ్యేదాకా ఆ ఫొటో ఇవ్వకూడదని చట్టం చేసింది. ఆచూకీ చెప్పడానికి పేరు, జైలు చాలు. చెదిరిన జుట్టుతో, ఏడ్చిన కళ్లతో ఉన్న ఫొటో దేనికీ అక్కర్లేదు.

అరెస్టుకు, నేరం రుజువు కావడానికి మధ్య ఎంతో దూరముంది. బుకింగ్‌లో రాసిన ఆరోపణ పోలీసు ఆఫీసరు రాసింది. ప్రాసిక్యూటర్ దాన్ని తగ్గించొచ్చు, మార్చొచ్చు, అసలు కేసే పెట్టకపోవచ్చు. వారంట్ లేకుండా అరెస్టు చేస్తే దానికి తగిన ఆధారం ఉందో లేదో మామూలుగా 48 గంటల్లోగా జడ్జి చూడాలని అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అయినా వీసాల దగ్గర ఒట్టి అరెస్టుకే ఫలితం అనుభవించాల్సి వస్తుంది. తాగి నడిపిన కేసులో అరెస్టయితే, శిక్ష పడకముందే విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు. వెంటనే దేశం విడిచి పొమ్మని దాని అర్థం కాకపోయినా, ఇండియా వచ్చి మళ్లీ వెళ్లాలంటే కొత్త వీసా తప్పదు. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారం ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది. కేసు కొట్టేశారు కదా అని లేదు అని రాస్తే, అబద్ధం చెప్పారన్న నింద అసలు కేసుకన్నా బరువవుతుంది. పౌరసత్వ దరఖాస్తులో అయితే కోర్టు చెరిపేసిన రికార్డు గురించి కూడా చెప్పాలి. ఉద్యోగాల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏడేళ్లు దాటిన, శిక్ష పడని అరెస్టులు చూపకూడదని ఫెడరల్ చట్టం అంటుంది గానీ, ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన జీతమున్న ఉద్యోగాలకు ఆ రక్షణ వర్తించదు. మన ఐటీ ఉద్యోగుల్లో చాలామంది ఆ గీతకు పైనే ఉంటారు.

అందుకే బుకింగ్ ఎంట్రీ దొరికిన రోజే కేసు నంబరు పట్టుకుని కోర్టు రికార్డులోకి వెళ్లాలి. కౌంటీ కోర్టు క్లర్కు వెబ్‌సైట్‌లో వాయిదా తేదీ, జడ్జి, చివరికి కేసు ఏమైందన్నది ఉంటాయి. కేసు ముగిశాక క్లర్కు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ డిస్పొజిషన్, అంటే కేసు చివరికి ఏమైందో కోర్టు ధ్రువీకరించిన కాగితం, తీసుకోవాలి. ఫీజు కొద్దిగానే ఉంటుంది. వీసా ఆఫీసరైనా, గ్రీన్ కార్డు ఆఫీసరైనా అడిగేది ఆ కాగితమే. ఏళ్లు గడిస్తే పాత చిన్న కేసుల ఫైళ్లు కొన్ని కోర్టులు తీసేస్తాయి కాబట్టి రెండు మూడు కాపీలు తీసుకోవడం నయం. ఎఫ్‌బీఐ దగ్గర ఎవరి రికార్డు వాళ్లే 18 డాలర్లకు తెప్పించుకోవచ్చు. అది వేలిముద్రల మీద నడిచేది కాబట్టి పేరు స్పెల్లింగు ఎలా పడినా రికార్డు దొరుకుతుంది. అందులో అరెస్టు ఉండి తీర్పు గడి ఖాళీగా ఉంటే, సర్టిఫైడ్ కాపీ జతచేసి, ఆ రికార్డు పంపిన రాష్ట్ర సంస్థకు రాసి సరిచేయించుకోవాలి.